బైకులు, మూడు చక్రాల బళ్ల పెయింటుకు గీతలు, కంకర దెబ్బలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెయింటు ఎక్కువగా పాడయ్యేది రాళ్ల వల్లా, తుడవడం వల్లా?

రెండిటి వల్లా పాడవుతుంది, కాకపోతే చోట్లు వేరు. ముందు మడ్‌గార్డు, ఫోర్కు కాళ్లు, ఇంజను ముందున్న ఫ్రేము గొట్టాల మీద చెక్కు లేచిందంటే అది కంకర పని. ట్యాంకు మీద, డోమ్ (హెడ్‌లైటు చుట్టూ ఉండే కవచం) మీద, సైడు ప్యానెళ్ల మీద ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు మాత్రం దాదాపు ఎప్పుడూ మన చేతి గుడ్డ పెట్టినవే. పొద్దున్నే బండి తీసేముందు సీటు కింది పాత గుడ్డతో ట్యాంకు మీది దుమ్ము పొడిగా తుడిచే అలవాటు చాలామందికి ఉంది. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్ములు, కోటింగుల ఖర్చు గురించి ఆలోచించే ముందు ఈ అలవాటు మానండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ.

కంపెనీ పెయింటు మందం ఎంత ఉంటుంది?

ప్రైమరు, రంగు, పైన రంగులేని పూత (క్లియరు) అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మెరుపునిచ్చే క్లియరు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. రబ్బింగ్ పాలిష్ కొట్టించిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్ల క్లియరు అరిగిపోతుంది. ఏటా రెండుసార్లు రబ్బింగ్ చేయించే బండికి నాలుగైదేళ్లలో ట్యాంకు అంచుల దగ్గర రంగు బయటపడటానికి కారణం ఇదే. అంచుల మీద పెయింటు మొదటి నుంచే పలుచగా ఉంటుంది, మిషను ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది.

కంకర ఎక్కడెక్కడ తగులుతుంది?

ముందు వెళ్లే బళ్లు విసిరే రాళ్లు డోమ్ కింది భాగానికి, ముందు మడ్‌గార్డు ముక్కుకు, ఫోర్కు కాళ్లకు తగులుతాయి. మన ముందు చక్రమే లేపే రాళ్లు ఫ్రేము కింది గొట్టాలకు, సైలెన్సరు బెండుకు, ఇంజను అడుగుకు, రేడియేటరు ఉంటే దాని రెక్కలకు కొడతాయి. వెనక చక్రం విసిరేవి స్వింగ్ ఆర్ముకు, వెనక షాక్ అబ్జార్బరుకు, మడ్‌గార్డు లోపలివైపు తగులుతాయి. ట్యాంకు పైభాగానికి రాళ్లు తగలడం అరుదు. కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే ఫిల్ము ముందు మడ్‌గార్డుకు, డోమ్‌కు, ఫోర్కు కాళ్లకు వేయించండి. షాపువాళ్లు ముందు ట్యాంకు చూపిస్తారు, ఎందుకంటే కంటికి కనిపించేది అదే.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. రాయి దెబ్బ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే దెబ్బ దాదాపు 1.8 రెట్లవుతుంది. హైవే మీద కంకర టిప్పరు వెనకాల తోక పట్టుకుని వెళ్లడం కన్నా దాన్ని దాటడమో, బాగా వెనక్కి తగ్గడమో మేలు. కొత్తగా చిప్స్ (సన్నకంకర) పరిచి తారు చల్లిన రోడ్డు మీద 30 దాటకండి. అక్కడ మీ చక్రమే మీ బండిని కొడుతుంది.

మడ్‌గార్డుకు అదనపు ముక్క బిగిస్తే ఉపయోగం ఉందా?

చాలా ఉంది. ముందు మడ్‌గార్డు వెనక అంచు నుంచి కిందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క గానీ రబ్బరు ఫ్లాపు గానీ పెంచితే ఇంజను ముందువైపు పడే కంకర, బురద బాగా తగ్గిపోతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఇచ్చే వస్తువు ఇంకోటి లేదు. బిగించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు ముక్క ఇంజనుకు, సైలెన్సరు బెండుకు తగలకూడదు. మెత్తటి రబ్బరైతే గాలికి చక్రం వైపు మడతపడకుండా లోపల గట్టి పట్టీ ఉండాలి. ఇనుప మడ్‌గార్డుకు రంధ్రం పెడితే ఆ అంచుకు వెంటనే ప్రైమరు రాయాలి, లేకపోతే మొదటి వానాకాలానికే తుప్పు మొదలవుతుంది.

వెనకవైపు చీర గార్డును అందం కోసం తీసేయకండి. వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అది వెనక కూర్చున్నవాళ్ల ప్రాణానికి సంబంధించిన వస్తువు. పెయింటును కాపాడటం దాని రెండో ఉపయోగం.

పీపీఎఫ్, సిరామిక్ కోటింగ్, వ్యాక్స్: వీటి తేడా ఏమిటి?

కంకర దెబ్బను ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్ము) ఒక్కటే. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉన్న పారదర్శక ఫిల్ము, అంటే కంపెనీ పెయింటు మొత్తం మందం కన్నా ఎక్కువ. రాయి తగిలినప్పుడు సాగి, ఆ దెబ్బను తనే మింగుతుంది.

సిరామిక్ కోటింగు మందం కొద్ది మైక్రాన్లే. నీళ్లు నిలవకుండా జారిపోతాయి, బురద సులువుగా వదులుతుంది, ఎండకు రంగు వెలిసిపోవడం తగ్గుతుంది. రాయిని మాత్రం ఆపలేదు. ప్రకటనల్లో కనిపించే "9హెచ్" పెన్సిలు గట్టితనం కొలమానంలోని అంకె. ఆ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని దానర్థం, ఇసుకకు కూడా గీత పడదని కాదు.

వ్యాక్స్ ఒకటి నుంచి మూడు నెలలు, సీలెంట్ (వ్యాక్సులాగే రాసే కృత్రిమ పూత) నాలుగైదు నెలలు ఉంటాయి. మా సలహా ఇది: రాళ్లు తగిలే చోట పీపీఎఫ్, మిగతా బండి మొత్తానికి మూడు నెలలకోసారి ఇంట్లోనే సీలెంట్. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి ఇంతకన్నా అవసరం లేదు.

మంచి ఫిల్మును గుర్తుపట్టడం ఎలా?

మొదట అది ఏ పదార్థమో అడగండి. టీపీయూ (థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్ అనే సాగే ప్లాస్టిక్) అయితే తీసుకోండి. స్టిక్కరింగ్ షాపుల్లో "ట్రాన్స్‌పరెంట్" అని వేసే పలుచటి పీవీసీ మన ఎండలకు ఏడాదిలోపే పసుపెక్కుతుంది, బిగుసుకుపోతుంది, తీసేటప్పుడు ముక్కలుముక్కలుగా ఊడి జిగురును ట్యాంకు మీదే వదిలేస్తుంది.

నమూనా ముక్క అడిగి చేత్తో లాగి చూడండి. టీపీయూ రబ్బరులా సాగి మెల్లగా వెనక్కి వస్తుంది, పీవీసీ సాగిన చోట తెల్లబడుతుంది. గోటితో సన్నగా గీసి, దాని మీద వేడినీళ్లు పోయండి. పైపూత ఉన్న మంచి ఫిల్ము మీద గీత క్షణాల్లో మాయమవుతుంది. లోతుగా కోసుకుపోయిన గాటు మాత్రం ఏ ఫిల్ము మీదా మానదు. అది మానుతుందని చెప్పే షాపును నమ్మకండి. వారంటీ కాగితం మీద ఫిల్ము రోలు నంబరు రాయించుకోండి.

ఇంట్లో సొంతంగా వేసుకోవచ్చా?

ముందు మడ్‌గార్డు, ఫోర్కు కాళ్లు, సైడు ప్యానెళ్లు, ట్యాంకు మోకాలి భాగం వేసుకోవచ్చు. ట్యాంకు మొత్తం, లోతైన వంపులున్న డోమ్ మాత్రం చేయి తిరిగినవాళ్లకు వదిలేయండి.

కావలసినవి: ఫిల్ము, రెండు స్ప్రే సీసాలు, మెత్తటి రబ్బరు స్క్వీజీ (నీళ్లు నెట్టే పలక), కొత్త బ్లేడు, ట్రేసింగ్ పేపరు, హెయిర్ డ్రయ్యరు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒక సీసాలో లీటరు నీళ్లకు 4, 5 చుక్కల బేబీ షాంపూ కలపండి. ఇది ఫిల్ము జారడానికి. రెండో సీసాలో 750 మిల్లీలీటర్ల నీళ్లు, 250 మిల్లీలీటర్ల ఆల్కహాల్. ఇది అంటుకోవడానికి. రెండిటికీ ఫిల్టరు నీళ్లే వాడండి. బోరు నీళ్ల ఉప్పు ఫిల్ము కింద మచ్చలుగా మిగులుతుంది.

1. తెల్లవారుజామునో, నీడలోనో, గాలి దుమ్ము లేని చోట పని పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం షాంపూ నీళ్లు ఫిల్ము జరిపేలోపే ఆరిపోతాయి. ఫ్యాను ఆపేయండి.

2. బండి కడిగి, తారు చుక్కలు తీసి, ఫిల్ము వేసే భాగాన్ని ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడవండి. పాత వ్యాక్స్ కొంచెం మిగిలినా అక్కడ అంచు లేస్తుంది.

3. ట్రేసింగ్ పేపరుతో ఆకారం తీసుకుని ఫిల్మును బల్ల మీదే కత్తిరించండి. ప్యానెల్ అంచు నుంచి 2 మిల్లీమీటర్లు లోపలికే ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి. మొనదేలిన మూల మొదట లేస్తుంది. పెయింటు మీద పెట్టి బ్లేడుతో కోయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆ గాటు క్లియరును దాటి లోహం దాకా దిగుతుంది, ఫిల్ము కిందే తుప్పు పడుతుంది.

4. ప్యానెల్‌ను, మీ వేళ్లను, ఫిల్ము జిగురువైపును షాంపూ నీళ్లతో బాగా తడపండి. తడి తక్కువైతే వేలిముద్రలు శాశ్వతంగా మిగులుతాయి.

5. ఫిల్మును పరిచి జరిపి సరిచేసుకుని, మధ్య నుంచి అంచులకు స్క్వీజీ లాగండి. ఒక గీత మీద ఇంకో గీత సగం పడేలా లాగాలి. అంచులకు వచ్చేసరికి ఆల్కహాల్ నీళ్లు చల్లి, అర నిమిషం ఆగి నొక్కండి.

6. వంపు దగ్గర డ్రయ్యరుతో గోరువెచ్చగా చేసి వంచండి. బలంగా సాగదీస్తే ఆ పూటకు అతుక్కుంటుంది గానీ ఒకటి రెండు రోజుల్లో వెనక్కి లాక్కుని అంచు లేస్తుంది.

ఆ తర్వాత 24 గంటలు బండి తీయకండి, వారం రోజులు కడగకండి.

గరుకుగా ఉండే నల్ల ప్లాస్టిక్ భాగాలకు ఫిల్ము సరిగా అంటదు, అక్కడ వృథా చేయకండి. ఇంకోటి, ట్యాంకు మీది కంపెనీ స్టిక్కరు అంచును గోటితో తడిమి చూడండి. అంచు తగిలితే స్టిక్కరు క్లియరు పైన ఉందన్నమాట. దాని మీద ఫిల్ము వేస్తే, రేపు తీసినప్పుడు స్టిక్కరు కూడా లేచి వస్తుంది.

వేసిన తర్వాత లోపల బుడగలు కనిపిస్తున్నాయి. పాడైనట్టేనా?

వేలితో నొక్కి చూడండి. మబ్బుగా ఉండి అటూఇటూ కదిలితే అది నీళ్ల బుడగ. ఎండ తగిలితే రెండు వారాల్లో దానంతటదే ఆరిపోతుంది, సూదితో పొడవకండి. గుండ్రంగా, మెరుస్తూ, నొక్కినా మళ్లీ అక్కడికే వస్తే అది గాలి, అది పోదు. మధ్యలో నల్ల చుక్క ఉంటే దుమ్ము రేణువు. మడ్‌గార్డు మీద ఒకటి రెండు రేణువులకు ఫిల్ము పీకి మళ్లీ వేయడం అనవసరం.

కొత్తగా పెయింటు వేయించిన ట్యాంకుకు ఫిల్ము ఎప్పుడు వేయాలి?

కంపెనీ పెయింటు ఓవెన్‌లో కాల్చినది కాబట్టి షోరూము నుంచి తెచ్చిన రోజే వేయించుకోవచ్చు. బయట పెయింటరు వేసినదైతే కనీసం 30 రోజులు ఆగాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల థిన్నరు ఇంకా ఆవిరవుతూ ఉంటుంది. దారి మూసేస్తే ఆ ఆవిరి ఫిల్ము కింద పొక్కులు కడుతుంది.

మ్యాట్ పెయింటు బండికి ఏం చేయాలి?

వ్యాక్స్, పాలిష్, రబ్బింగ్ ఏదీ వాడకండి. మ్యాట్ పెయింటు ఉపరితలం సూక్ష్మంగా గరుకుగా ఉంటుంది, అందుకే మెరవదు. రుద్దితే ఆ గరుకు అరిగి అక్కడ మెరిసే మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ మ్యాట్‌గా మార్చలేరు. మోకాళ్లు రాసుకునే చోట ఏడాది తిరక్కుండానే ఈ మెరుపు మచ్చలు వస్తాయి కాబట్టి మ్యాట్ బండికి మొదటి నెలలోనే ట్యాంకు పక్కల మ్యాట్ పీపీఎఫ్ వేయించండి. మామూలు బండికి ట్యాంకు ఫిల్ము ఆఖరున అన్నాం, దీనికి మాత్రం అదే ముందు.

ట్యాంకు కవరు వేస్తే గీతలు పడవు కదా?

రెగ్జిన్ కవరు కింద ఇసుక చేరుతుంది, బండి వణికినప్పుడల్లా ఆ ఇసుక పెయింటును గీస్తూనే ఉంటుంది. వానకు తడిసిన నురగ రోజుల తరబడి ఆరదు. చాలా ట్యాంకులకు తుప్పు పొంగులు కవరు పట్టీల కిందే మొదలవుతాయి. షోరూములో వేసిన ప్లాస్టిక్ సంచిని అలాగే ఉంచేయడం కూడా ఇంతే.

బెల్టు బకిల్, ప్యాంటు జిప్పు తగిలే చోటికి అంటించే ట్యాంక్ ప్యాడు సరిపోతుంది. హ్యాండిల్ దగ్గర తాళాల గుత్తి వేలాడకుండా బండి తాళం ఒక్కటే విడిగా పెట్టుకోండి. క్లచ్ కేబులు ఫ్రేము మెడకు రాసుకునే చోట పెయింటు అరిగి లోహం తేలుతుంది, అక్కడ కేబులుకు పాత ట్యూబు ముక్క చుట్టి ట్యాగుతో బిగించండి. బస్తా గానీ గ్యాసు సిలిండరు గానీ కట్టి తీసుకెళ్లేటప్పుడు కింద గుడ్డ వేస్తే చాలదు, తాడు కొక్కెం ఎక్కడ పడుతోందో కూడా చూడాలి.

కడిగే సరైన పద్ధతి ఏమిటి?

బండి చల్లారాక, నీడలో. ముందు ఉత్త నీళ్లు ధారగా పోసి రెండు నిమిషాలు నాననివ్వండి, సగం ఇసుక తాకకుండానే పోతుంది. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో 5 లీటర్ల నీళ్లకు సీసా మీద రాసిన మోతాదులో బండి షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచండి. పైనుంచి కిందికి రండి. చక్రాలు, ఇంజను తుడిచిన గుడ్డ ట్యాంకు మీదికి రాకూడదు. బట్టల సబ్బు పొడి, గిన్నెల సబ్బు వ్యాక్సును లాగేస్తాయి.

సర్వీసింగ్ సెంటరులో ప్రెషరు గన్ను ఫిల్ము అంచులకు రెండడుగుల దూరంలో ఉండాలని చెప్పండి, దగ్గరగా కొడితే నీళ్లు అంచు కింద దూరి లేపుతాయి. మెరుపు కోసం డీజిల్ కొట్టనివ్వకండి. పూటలోపే దాని మీద దుమ్ము పేరుకుంటుంది, రబ్బర్లు ఉబ్బుతాయి.

బోరు నీళ్ల తెల్లమచ్చలు పోవడం లేదు.

వైట్ వినెగరు, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, వెంటనే బాగా కడిగేయండి. చైను మీద, అల్యూమినియం భాగాల మీద పడనివ్వకండి. ఎండలో పాతబడిన మచ్చ క్లియరులోకే దిగిపోయి ఉంటుంది, దానికి పాలిష్ తప్ప దారి లేదు. ఉప్పు ఎక్కువున్న నీళ్ల ఊళ్లలో చివరి మగ్గు ఫిల్టరు నీళ్లతో పోసి, ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

తారు, పురుగులు, పెట్రోలు మరకలు?

తారు చుక్క మీద తారు రిమూవరు గానీ కొంచెం కిరోసిన్ గానీ అద్దిన గుడ్డ రెండు నిమిషాలు ఉంచి, కరిగాక తుడిచి, షాంపూతో కడగండి. గోటితో గీకకండి, థిన్నరు వాడకండి. వరి పొలాల పక్కన రాత్రి ప్రయాణం చేస్తే డోమ్ నిండా పురుగులు అతుక్కుంటాయి. వాటి రసం ఆమ్లం, రేపటిదాకా ఉంచకుండా తడిగుడ్డ కప్పి పది నిమిషాల తర్వాత తుడవండి. పిట్టల రెట్టలకూ ఇదే పద్ధతి. బంకులో పెట్రోలు పొంగితే పొడిగుడ్డతో రుద్దకుండా నీళ్లు పోయండి. అందుకు ఒక సీసా నీళ్లు దగ్గరుంచుకోవడం మంచి అలవాటు.

వాహన పూజ పసుపు కుంకుమల మరకలు పడకుండా ఏం చేయాలి?

పూజ మానక్కర్లేదు, బొట్టు పెట్టే చోటు చూసుకుంటే చాలు. గంధం, కుంకుమ బొట్లు హ్యాండిల్ మధ్య క్రోమ్ మీద, నంబరు ప్లేటు ఫ్రేము మీద, చక్రాల మీద పెట్టండి. మ్యాట్ ట్యాంకు మీద తడి కుంకుమ పెడితే అందులోని రసాయన రంగు గరుకులోకి దిగి పోదు. పసుపు మరక ఎండకు క్రమంగా వెలుస్తుంది, కుంకుమ మరక అంత తేలిగ్గా వెలవదు. కొబ్బరినీళ్లు, నిమ్మరసం పడ్డ చోట అదే పూట నీళ్లు పోసి కడగండి.

మూడు చక్రాల బళ్లకు ప్రత్యేకంగా ఏం చేయాలి?

దివ్యాంగులు నడిపే పక్క చక్రాల స్కూటర్లలో ముందు చక్రం మధ్యలో, వెనక చక్రాలు బాగా పక్కకు ఉంటాయి. ముందు చక్రం పక్కలకు చిమ్మిన కంకర నేరుగా రెండు వెనక మడ్‌గార్డుల ముందు ముఖాలకు తగులుతుంది. ఆ మడ్‌గార్డులు చాలావరకు బిగించే వర్క్‌షాపులోనే రేకుతో చేసి, పలుచగా రంగు కొట్టినవి. చెక్కు లేవగానే తుప్పు పడుతుంది. ముందు మడ్‌గార్డుకు వెడల్పాటి రబ్బరు ఫ్లాపు, వెనక మడ్‌గార్డుల ముందు ముఖానికి అరచేయంత పీపీఎఫ్ లేదా పలుచటి రబ్బరు షీటు, లోపలివైపు అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా వేసే మందపాటి పూత). ఈ మూడూ బండి చేతికి వచ్చిన వారంలోనే చేయించండి. వీల్‌చైర్ గానీ చేతికర్రలు గానీ పెట్టే చోట అంచుకు కారు తలుపులకు వేసే రబ్బరు బీడింగ్ నొక్కండి, రోజువారీ రాపిడి అక్కడే ఉంటుంది.

అమెరికా, కెనడాల్లో ట్రైకులు (మూడు చక్రాల మోటారు బైకులు) నడిపే మనవాళ్లకూ వెడల్పాటి వెనక ఫెండర్ల దగ్గర ఇదే సమస్య. చలికాలపు రోడ్డు ఉప్పు దానికి తోడవుతుంది, చెక్కు కనిపించిన వారమే మూసేయాలి.

చెక్కు లేచింది, లోహం కనిపిస్తోంది. ఏం చేయాలి?

ప్లాస్టిక్ భాగమైతే తొందర లేదు. ఇనుప ట్యాంకు, ఇనుప మడ్‌గార్డు అయితే వారంలోపు మూసేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా ముందే.

బండి కలర్ కోడుతో టచప్ పెయింటు తెచ్చుకోండి. చెక్కును కడిగి, తుప్పు ఉంటే 800 నంబరు వాటర్ పేపరును పెన్సిలు చివర మడిచి చెక్కు లోపల మాత్రమే రుద్దండి. ఆల్కహాల్‌తో తుడిచి, పుల్లతో ఒక చుక్క ప్రైమరు పెట్టి గంట ఆగండి. తర్వాత రంగు పలుచగా రెండు మూడు సార్లు, మధ్యలో అరగంట విరామంతో. ఒకేసారి మందంగా పెడితే పైన తోలుకట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. మర్నాడు క్లియరు చుక్క కొంచెం ఎత్తుగా. వారం తర్వాత 2000, ఆపైన 3000 నంబరు వాటర్ పేపరును నీళ్లతో, చాలా తేలిగ్గా రుద్ది సమం చేసి పాలిష్ పెట్టండి.

ట్యాంకు మీద స్ప్రే డబ్బా వాడేటట్టయితే మామూలు క్లియరు పనికిరాదు. పెట్రోలు, అందులో కలిపే ఇథనాల్ తగిలిన చోట అది మెత్తబడి ముడతలు పడుతుంది. గట్టిపరిచే రసాయనం కలిపే టూకే క్లియరే కావాలి. దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదకరం, తగిన కార్ట్రిడ్జ్ మాస్కు లేకుండా ఇంట్లో కొట్టకండి, పెయింటరుకు ఇవ్వండి.

రంగు ఫిల్ము వేయిస్తే ఆర్సీతో ఇబ్బందా?

పారదర్శక ఫిల్ముతో ఇబ్బంది లేదు. బండి మొత్తం రంగు మారిపోయే ర్యాపు వేయిస్తే ఆర్సీలోని రంగుకు, బండికి పొంతన ఉండదు. ముందు ఆర్టీఓ కార్యాలయంలో అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పించుకోవాలి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు మీద ఏ ఫిల్మూ వేయకండి.

పాత ఫిల్ము తీయడం ఎలా?

డ్రయ్యరుతో ఒక మూల చేయి పెట్టగలిగినంత వేడి చేసి, ఫిల్మును దాదాపు తన మీదికే మడిచినట్టు, ఉపరితలానికి దగ్గరగా, మెల్లగా లాగండి. పైకి నిటారుగా లాగితే, ముఖ్యంగా బయట వేయించిన పెయింటైతే, అది కూడా లేచి వస్తుంది. మిగిలిన జిగురు మీద తారు రిమూవరు అద్ది ఐదు నిమిషాలకు తుడిచి, షాంపూతో కడగండి. ఫిల్ము కింది రంగు కొంచెం ముదురుగా, చుట్టూ వెలిసినట్టుగా కనిపిస్తే అది ఎండ తేడా. కొత్త ఫిల్మును అదే కొలతకు కత్తిరిస్తే ఆ గీత దాని అంచు కింద కలిసిపోతుంది.